చుక్కల గీత గురించి అడిగావు కదా బావా

బావా,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. సగం గాలి హోరే, మిగతా సగంలో ఎవరో హిందీలో అరుస్తున్నారు, అయినా నీ ప్రశ్న అర్థమైంది. మీ ఓడ ఆగిన లాయూన్ రేవులో ఎగిరేది మొరాకో జెండా, మ్యాపు తీస్తే మొరాకో కింద చుక్కల గీత, గీత కింద వెస్టర్న్ సహారా అని ఇంకో పేరు. "మరి మేం హోల్డు నింపుకున్న ఈ ఫాస్ఫేట్ పొడి ఎవరిది బావా?" అన్నావు. నువ్వు ఏదో సరదాకి అడిగి పడుకుని ఉంటావు. నాకు రెండు రోజుల నుంచి నిద్ర పట్టడం లేదు, ఎందుకో చివర్లో చెబుతా.

ఫోన్లో మొదలెడితే సగంలో నీ సిగ్నల్ పోతుంది, అందుకే రాస్తున్నాను. ఆదివారం, కోర్టు లేదు, బయట మంచు ఇంకా విడవలేదు, మా ఆవిడ పనసపొట్టు కొట్టడానికి కత్తికి నూనె రాసుకుంటోంది. వరండాలో దాళ్వాకి తెచ్చిన డీఏపీ కట్టలు ఆరు ఉన్నాయి, పిల్లి వాటి మీద పడుకుంది.

ముందు నువ్వు నిలబడ్డ చోటు సంగతి. అది 1975 దాకా స్పెయిన్ వాళ్ళ వలస. అక్కడి నియంత ఫ్రాంకో మంచం పట్టాడు, స్పెయిన్ పెట్టేబేడా సర్దుకుంటోంది, మొరాకో ఏమో అది తరతరాలుగా మాదే అంది. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడిగితే ఆ ఏడాది అక్టోబరు 16న అభిప్రాయం చెప్పింది: అక్కడి కొన్ని తెగలు మొరాకో సుల్తానుకి విధేయంగా ఉన్నమాట నిజమే, అంతమాత్రాన నేల మీద యాజమాన్యం వచ్చినట్టు కాదు, ఆ ప్రజల భవిష్యత్తు ఆ ప్రజలే తేల్చుకోవాలి అని. మూడు వారాలు తిరిగేసరికి మొరాకో రాజు దాదాపు మూడున్నర లక్షల మంది జనాన్ని సరిహద్దు దాటించాడు. గ్రీన్ మార్చ్ అంటారు. నవంబరు 14న మాడ్రిడ్‌లో స్పెయిన్, మొరాకో, మారిటానియా కూర్చుని కాగితం రాసేసుకున్నాయి. స్థలం ఎవరిదో వాళ్ళు తప్ప అందరూ సంతకాలు పెట్టిన దస్తావేజు అన్నమాట. అలాంటివి అమలాపురంలో నేను చాలా చూశాను గానీ ఇంత పెద్దది చూళ్ళేదు.

అక్కడి జనం సహ్రావీలు. వాళ్ళ విమోచన సంస్థ పొలిసారియో యుద్ధం చేసింది, మారిటానియా 1979లో తప్పుకుంది, 1991లో కాల్పుల విరమణ, రెఫరెండం పెడతామన్నారు, ఇప్పటికీ పెట్టలేదు. ఎడారికి అడ్డంగా 2,700 కిలోమీటర్ల ఇసుక గట్టు పోసింది మొరాకో. అప్పుడు పారిపోయినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ మనవలూ అల్జీరియాలో టిండూఫ్ దగ్గర శిబిరాల్లో ఉన్నారు. మన దేశం 1985లో సహ్రావీల ప్రభుత్వాన్ని గుర్తించింది, 2000లో వెనక్కి తీసుకుంది. ఐక్యరాజ్యసమితి జాబితాలో మాత్రం అది ఇంకా స్వపరిపాలన రాని ప్రాంతమే. నీ మ్యాపులో చుక్కల గీత అందుకే.

ఇక నీ హోల్డులో పొడి. ఎరువుల్లోకి భాస్వరం వచ్చేది ఈ ఫాస్ఫేట్ నుంచే. అది బూ క్రా గనిలోది. సముద్రానికి వంద కిలోమీటర్ల దూరాన ఎడారిలో తవ్వి, కన్వేయర్ బెల్టు మీద లాయూన్ రేవుకి తెస్తారు. మన అమలాపురం నుంచి రాజమండ్రి ఎంతుందో దానికి ఒకటిన్నర రెట్లు పొడుగు బెల్టు! దాని మీద నుంచి గాలికి రాలిన పొడి తెల్లటి చారలా ఉపగ్రహ చిత్రాల్లో కూడా కనిపిస్తుంది. యూరియా అయితే గాలిలో ఉన్న నత్రజనితో చేసుకుంటాం, గ్యాస్ ఉంటే చాలు, మన కాళ్ళ కిందే ఉంది. భాస్వరం అలా కాదు, తవ్వాల్సిందే, దానికి బదులు ఇంకోటి లేదు. ప్రపంచంలో ఉన్న ఫాస్ఫేట్ నిల్వల్లో ఇంచుమించు 70 శాతం మొరాకో లెక్కలోనే ఉంది, ఈ గనిని ఆ లెక్కలోనే కలిపేసుకుంటుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. మన కొబ్బరితోట లీజు గుర్తు తెచ్చుకో. లీజుకి తీసుకున్నవాడు దింపు తీయించుకోవచ్చు, కమ్మలు అమ్ముకోవచ్చు, చెట్టు మాత్రం కొట్టకూడదు. 1907 హేగ్ నిబంధనల్లో 55వ అధికరణం చెప్పేది అదే. యుద్ధంలో ఇంకొకడి నేల చేతికి చిక్కితే అక్కడి ప్రభుత్వ భూములకీ అడవులకీ నువ్వు యజమానివి కావు, కాపలావాడివి, అనుభవించు గానీ అసలు కరిగించకు. బాగానే ఉంది. మరి గని సంగతేమిటి? కాయ కోస్తే మళ్ళీ కాస్తుంది, ఫాస్ఫేట్ మళ్ళీ కాయదు కదా. తవ్విన ప్రతి బకెట్టూ చెట్టులో ముక్కే. అప్పటికే నడుస్తున్న గనిని అదే తీరున నడుపుకోవచ్చని వాదించే లాయర్లు ఉన్నారు, వాదించకపోతే లాయర్లెలా అవుతారు! పాలస్తీనా నేల అయిన వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కంపెనీల రాతి క్వారీల మీద ఒక సంస్థ కేసు వేస్తే, ఆక్రమణ ఇన్నేళ్ళు సాగింది కాబట్టి రూలుని కాలానికి తగ్గట్టు చదవాలని 2011లో ఇజ్రాయెల్ హైకోర్టు కొట్టేసింది. ఎక్కువ ఏళ్ళు కూర్చుంటే ఎక్కువ హక్కు వస్తుందన్న ఆ వాదన మన ఊళ్ళో పోరంబోకు ఆక్రమించినవాడు కూడా చేస్తాడు. 2024 జులైలో హేగ్ న్యాయస్థానం మాత్రం పాలస్తీనా నేలలో వనరులు ఇజ్రాయెల్ వాడుకుంటున్న తీరు ఆక్రమణదారుకి ఉండే బాధ్యతలకి విరుద్ధమని తేల్చి చెప్పింది.

మొరాకో అయితే ఆక్రమణ అన్న మాటే ఒప్పుకోదు. 1979లో ఐరాస సర్వసభ్య సభ ఆ మాట వాడింది, అయినా సరే. అందుకే 2002లో హాన్స్ కొరెల్ అని ఐరాస న్యాయ విభాగం పెద్ద వేరే దారిలో వెళ్ళాడు. మొరాకో రెండు విదేశీ చమురు కంపెనీలకి ఆ సముద్రంలో వెతుక్కోమని కాంట్రాక్టులిచ్చింది, చెల్లుతాయా అని భద్రతా మండలి అడిగింది. వెతుక్కునే కాంట్రాక్టు దానంతటది తప్పు కాదుగానీ, ఆ ప్రజల ప్రయోజనాన్నీ ఇష్టాన్నీ లెక్కచేయకుండా ఇంకా ముందుకెళ్ళి వెలికితీస్తే చట్టం ఉల్లంఘించినట్టేనన్నాడు. ఆ వాక్యంలో మొదటి సగం కంపెనీలు పట్టుకున్నాయి, రెండో సగం సహ్రావీలు పట్టుకున్నారు. చివరికి అందులో ఒక అమెరికా కంపెనీ షేర్లని నార్వే ప్రభుత్వ ఫండు 2005లో అమ్మేసుకుంది, మరుసటేడు ఆ కంపెనీ కూడా మూటాముల్లె సర్దుకుంది. కోర్టు అమీనా ఎవరూ రాలేదు, వాటాదారులు మొహం తిప్పుకున్నారు, అంతే.

ఓడ ఎక్కినవాడివి కాబట్టి నీకు చెర్రీ బ్లాసమ్ కథ చెప్పాలి. 2017లో ఆ పేరున్న బల్క్ క్యారియర్ ఓడ లాయూన్‌లో సుమారు 54,000 టన్నులు ఎత్తుకుని న్యూజిలాండ్ రైతుల కోసం బయల్దేరింది. దారిలో దక్షిణాఫ్రికా పోర్ట్ ఎలిజబెత్‌లో ఆగింది. అక్కడ పొలిసారియో కోర్టుకెళ్ళి "ఆ సరుకు మాది" అని ఆపించేసింది. మొరాకో ప్రభుత్వ ఫాస్ఫేట్ కంపెనీ కొంతదూరం వాదించి, మీకు ఈ విషయం తేల్చే అధికారమే లేదంటూ విచారణ నుంచి తప్పుకుంది. 2018 ఫిబ్రవరిలో సరుకు సహ్రావీలదేనని తీర్పొచ్చింది. గెలిచారు బావా! తర్వాత వేలం పెడితే కొనేవాడు లేడు. దాదాపు ఏడాది నిలిచిపోయిన ఓడ, లోపల 50 లక్షల డాలర్ల సరుకు, చివరికి ఓడ యజమానే దాన్ని తీసుకోవాల్సి వచ్చింది. డిక్రీ వచ్చినా చేతికి గవ్వ రాదని నా క్లయింట్లకి నేను చెప్పే మాటే అది. కానీ ఇంకో రకంగా చూడు, ఆ తర్వాత ఆ పొడి ఎక్కించుకునే ప్రతి ఓడవాడూ ఏ రేవులో ఆగాలా అని ఆలోచిస్తాడు కదా. 2017లోనే పనామాలో ఇంకో ఓడని ఆపబోతే అక్కడి కోర్టు ఇది రాజకీయం, మాకొద్దంది. రేవుని బట్టి న్యాయం.

తూర్పు తైమూరు సంగతి తలుచుకుంటే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. ఇండోనేషియా ఆక్రమించిన ఆ సగం దీవి పక్క సముద్రంలో చమురు ఉంటే, 1989 డిసెంబరులో ఆస్ట్రేలియా, ఇండోనేషియా విదేశాంగ మంత్రులు ఆ సముద్రం మీద ఎగిరే విమానంలో కూర్చుని పంపకం ఒప్పందం మీద సంతకాలు చేసి, షాంపేన్ గ్లాసులు ఎత్తి ఫొటో దిగారు. తైమూరుని అంతకుముందు ఏలిన పోర్చుగల్ హేగ్‌కి వెళ్ళింది. 1995లో న్యాయస్థానం, తమ భవిష్యత్తు తాము తేల్చుకునే హక్కు తైమూరు ప్రజలకుందని ఒప్పుకుంటూనే, ఇండోనేషియా ఈ కేసులో పార్టీ కాదు కాబట్టి మేం తేల్చలేం అంది. అవసరమైన పార్టీని చేర్చలేదని సూటు కొట్టేయడం! నేనూ ఎదుటివాడి మీద ఆ ప్లీ వేస్తుంటాను, కానీ ఒక దేశం చమురు మీద వేస్తారని అనుకోలేదు. అయినా 1999లో ఓటు పెడితే 78.5 శాతం మంది ఇండోనేషియా వద్దన్నారు, 2002లో దేశమైంది. డబ్బు వచ్చిన సందర్భం కావాలంటే కాంగో కేసుంది: బంగారం, వజ్రాలు, కలప వగైరా దోపిడీకి గాను 6 కోట్ల డాలర్లు, ప్రాణాలకీ ఆస్తులకీ కలిపి మొత్తం 32.5 కోట్లు ఉగాండా కట్టాలని 2022లో హేగ్ తీర్పు. దోపిడీ జరిగింది 1998 నుంచి 2003 మధ్య.

మన దగ్గరా గ్యాస్ తవ్వుకుపోతున్నారుగా, మనదీ అదే కథ అని నువ్వు అంటావని తెలుసు. కాదు బావా, ఆ పోలిక నాకు నచ్చదు. పాశర్లపూడి బావి 1995లో అంటుకుని 65 రోజులు మండినప్పుడు రాత్రిళ్ళు ఆ వెలుగు చూస్తూ డాబా మీద పడుకున్నవాళ్ళమే మనం. కోపం ఉంది. కానీ మనకి ఓటుంది, కోర్టుంది, రోడ్డు మీద కూర్చుంటే కలెక్టరు వస్తాడు. టిండూఫ్‌లో గుడారంలో పుట్టినవాడికి ఏ కలెక్టరు వస్తాడు?

ఇప్పుడు నా నిద్ర సంగతి. మా అత్తయ్య తెలుసుగా, హైదరాబాద్‌లో ఉంటుంది, లంకలో ఆవిడ వాటా 60 సెంట్లు పెదనాన్నే చూస్తాడు. రెండేళ్ళ కింద ఆయన అందులో మట్టి ఇటుకల బట్టీకి ఇచ్చేశాడు. మోసం కాదు, డబ్బు మొత్తం ఆవిడ ఖాతాలో వేశాడు, నాలుగేళ్ళ కౌలు కంటే ఎక్కువే. సంక్రాంతికి వచ్చినప్పుడు అత్తయ్య గట్టు మీద నిలబడి చూసింది. మూడడుగుల గొయ్యి, అడుగున నీళ్ళు, ఒక కొంగ. ఎంత వచ్చిందని అడగలేదు. "నన్నొక్క మాట అడిగావా అన్నయ్యా?" అంది. పెదనాన్న "డబ్బులు పంపానుగా అమ్మా" అన్నాడు. ఆవిడ మళ్ళీ అదే మాట అంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా పెదనాన్న లెక్కలే చెబుతున్నాడు.

యూరోపు కోర్టు 2024 అక్టోబరు 4న ఇచ్చిన తీర్పు చదువుతుంటే నాకు ఆ గట్టే కనిపించింది. యూరోపియన్ యూనియన్ వాళ్ళు మొరాకోతో చేపలు, కూరగాయల ఒప్పందాలు రాసుకుని, అక్కడ ఉన్నవాళ్ళని సంప్రదించాం, వాళ్ళకి లాభమే అన్నారు. కోర్టు ఏమందంటే, అక్కడ ఇప్పుడు ఉన్న జనాభా వేరు, ఆ నేల ఎవరిదో ఆ ప్రజలు వేరు, వాళ్ళలో చాలామంది దేశం బయట ఉన్నారు, మీరు సంప్రదించింది వాళ్ళని కాదు, వాళ్ళ ఒప్పుకోలు లేదు. అక్కడి కర్బూజాలూ టమాటాల మీద మొరాకో అని కాదు, వెస్టర్న్ సహారా అని రాయాలని కూడా అంది. అయితే ఒక కిటికీ తెరిచిపెట్టింది: ఆ ప్రజల మీద ఏ భారమూ పడకుండా, తేల్చి చూపించగల గట్టి లాభం వాళ్ళకి అందితే ఒప్పుకున్నట్టే అనుకోవచ్చట. పెదనాన్న చదివితే ఎగిరి గంతేస్తాడు. నాకు మాత్రం ఆ కిటికీ నచ్చలేదు.

ఇందులో మా ఇంటి భాగం కూడా ఉంది. మేడ మీద గది కట్టింది ఆ బట్టీ ఇటుకలతోనే, చవగ్గా ఇచ్చారు. అత్తయ్య వస్తే పడుకునేది ఆ గదిలోనే. ఆవిడకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇక కింద వరండాలో కట్టల మీద 18:46 అని ఉంది, కంపెనీ ఉంది, బరువు ఉంది, ఆ 46 అంటే భాస్వరం, అది ఏ గనిదో మాత్రం లేదు. ఆ గని సరుకు కొన్న దేశాల్లో మనదీ ఉంది. నా ఆరు కట్టల్లో ఉందో లేదో నాకు తెలిసే దారి లేదు, ఎల్లుండి దమ్ములో చల్లకుండా ఉండే దారీ లేదు, నాట్లకి మనుషుల్ని చెప్పేశాను.

నువ్వొక పని చెయ్యి. మీ చీఫ్ ఆఫీసర్ని మంచి చేసుకుని ఓడ సరుకుకి ఇచ్చే రసీదు, అదే బిల్ ఆఫ్ లేడింగ్‌లో సరుకు పుట్టిన దేశం అన్నచోట ఏం టైపు చేశారో చూసి చెప్పు. ఫొటో పంపకు, నీ ఉద్యోగం పోతుంది, ఊరికే మాట చెప్పు చాలు.

మీ అమ్మగారు బాగున్నారు, నిన్న సంతలో కనిపించారు, నువ్వు ఫోన్ చేస్తే ఓడ సంగతులే చెబుతావు గానీ తిన్నావో లేదో చెప్పవని నా మీద కేకలేశారు. ఈసారి ముందు అది చెప్పి తర్వాత వేరే సంగతులు మొదలెట్టు. పనసపొట్టు కూర దించుతున్నట్టుంది, ఆవ వాసన వస్తోంది, ఉంటాను.

నీ బావ