శాలువాలు సరే, రీళ్లేవిరా?

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. నల్లజాతి సినిమావాళ్లని అమెరికా ఎట్టకేలకు గుర్తించిందని, హాలీవుడ్ ఫుట్‌పాత్ మీద నక్షత్రాలనీ తపాలా బిళ్లలనీ తెగ సంబరపడ్డావు. కాదనను. కానీ శాలువా కప్పి ఫొటో దిగడం మనకూ బాగా వచ్చిన విద్యే కదరా. ఆ మనిషి తీసిన సినిమా ఇవాళ పెట్టుకుని చూద్దామంటే దొరుకుతుందా? నా పేచీ అక్కడే.

నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో సంగతే తీసుకో. 1884లో ఇల్లినాయ్‌లో పుట్టాడు. రైళ్లలో పోర్టరుగా చేశాడు, సౌత్ డకోటాలో భూమి తీసుకుని సేద్యం చేశాడు, నవలలు రాసి తనే గడపగడపకీ తిరిగి అమ్ముకున్నాడు. అందులో ఒక నవలని లింకన్ మోషన్ పిక్చర్ అనే నల్లజాతి కంపెనీ సినిమాగా తీస్తానంటే, డైరెక్షన్ నాకిస్తేనే అని పట్టుబట్టాడు. బేరం చెడింది. మనవాడు ఊరుకుంటాడా? అయోవా వైపు తెల్ల రైతులకి వాటాలు అమ్మి, డబ్బు పోగేసి, 1919లో సొంతంగా తీసేశాడు. ‘ది హోమ్‌స్టెడర్’ అని. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో తీసినవన్నీ కలిపితే నలభై పైమాటే అంటారు. ఆ మొదటి సినిమా ఇప్పుడు ఎక్కడా లేదు. మూకీల్లో మిగిలినవి మూడంటే మూడు.

ఎందుకు పోయాయంటావా? ఉన్నవే కొద్ది ప్రింట్లు. వాటినే ఊరూరా తిప్పి, నల్లవాళ్లు చూసే హాళ్లలో ఆడించేవాళ్లు. ఒక ఊళ్లో సెన్సారు వాళ్లు ఒక సీను కోయమంటారు, ఇంకో ఊళ్లో ఇంకోటి. పైగా అప్పటి ఫిల్ము నైట్రేటు. ఇట్టే అంటుకుంటుంది, అంటుకోకపోయినా కాలం గడిస్తే డబ్బాలోనే జిగురై, పొడైపోతుంది. దాచడానికి ఆయనకేమైనా స్టూడియో గోడౌనుందా?

1920లో వచ్చిన ‘విదిన్ అవర్ గేట్స్’ మాత్రం బతికింది. ఎక్కడో తెలుసా, స్పెయిన్‌లో! మూకీ కదా, మాటలు రాసి చూపే టైటిలు కార్డులు స్పానిష్‌లో ఉన్న ఒక్క ప్రింటు అక్కడి ఫిల్మ్ ఆర్కైవ్‌లో దొరికింది. దాన్ని తెచ్చి, టైటిళ్లు మళ్లీ ఇంగ్లీషులో రాయించి, అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు 1993లో బాగుచేశారు. రాత్రి మళ్లీ చూశాను. చివర్లో లాండ్రీ అనే ఇంటిపేరున్న నల్లజాతి కుటుంబం మీద తెల్లవాళ్ల మూక పడే ఘట్టముంది చూడు, అబ్బ! చేయని హత్య మొగుడి మీద వేసి వేటాడతారు. ఆ మూకలో ఆడవాళ్లూ పిల్లలూ కూడా ఉంటారు, కర్రలు పట్టుకుని. లాండ్రీల చిన్నపిల్లాడు చచ్చినట్టు పడి ఉండి, అదను చూసి గుర్రమెక్కి పారిపోతాడు. తల్లినీ తండ్రినీ మాత్రం ఉరితీస్తారు. షికాగోలో జాతి అల్లర్లు జరిగి అప్పటికి ఏడాదైనా కాలేదు, అదే షికాగోలో ఈ సినిమా వేయనివ్వాలా వద్దా అని సెన్సారు వాళ్లు గింజుకున్నారంటే వింతేం లేదు.

ఇప్పుడు విను. మిషో పేరు మీద ఓక్లండ్‌లో 1974 నుంచే అవార్డులిచ్చారు. 1987లో నక్షత్రం, 2010లో స్టాంపు. పేరు గోడెక్కిన ఎన్నేళ్లకో సినిమా తెరకెక్కింది. మనం మాత్రం తక్కువ తిన్నామా? రఘుపతి వెంకయ్య గారి పేరున అవార్డుంది, ఆయన నిర్మించిన 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఒక్క రీలు చూపించమను.

మిషోదే ఇంకో మూకీ బెల్జియంలో తేలింది. 1898లో ఒక నల్లజాతి జంట ముద్దుపెట్టుకుని నవ్వుకునే చిన్న ముక్క ఒకటుంది, అర నిమిషం కూడా ఉండదు. దానికి ఇంకో వెర్షను నార్వే జాతీయ గ్రంథాలయంలో దొరికింది. సొంతూళ్లో దొరికినవీ లేకపోలేదు. టెక్సస్‌లోని టైలర్ అనే ఊళ్లో ఒక గిడ్డంగిలో 1983లో డబ్బాలకి డబ్బాలు బయటపడ్డాయి. స్పెన్సర్ విలియమ్స్ 1941లో తీసిన ‘ది బ్లడ్ ఆఫ్ జీసస్’ అందులోదే. ఆ గిడ్డంగి ఊడ్చినవాడెవడైనా చెత్త అనుకుని ఉంటే అంతే సంగతులు.

నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. నల్లజాతి దర్శకుడు చార్లెస్ బర్నెట్ తీసిన ‘కిల్లర్ ఆఫ్ షీప్’. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో చదువుకుంటూ, వారాంతాల్లో అక్కడి నల్లవాళ్ల పేట వాట్స్‌లో తీసుకున్న సినిమా. 1990లోనే అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు, అంటే దేశం దాచుకోవలసిన సినిమా అని ముద్ర పడిందన్నమాట. హాళ్లకి వచ్చింది మాత్రం 2007లో! అందులో వాడిన పాటల హక్కులకి డబ్బు కట్టలేదు కాబట్టి. లక్షన్నర డాలర్లు చెల్లిస్తే గానీ చిక్కు వీడలేదు. ఈలోగా యూసీఎల్ఏ ఆర్కైవ్ వాళ్లు 16 ఎంఎం నుంచి 35కి ఎక్కించి ప్రింటు సిద్ధం చేశారు. నన్నడిగితే దండ ఆ లాబ్ వాళ్ల మెళ్లో వేయాలి.

నువ్వు ముందు ‘విదిన్ అవర్ గేట్స్’ చూడు, ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉంది. తర్వాత బర్నెట్ సినిమా. చూశాక తిట్టదలుచుకుంటే తిట్టు, ఉత్తరం మాత్రం పొడుగ్గా రాయి. వదినకి నమస్కారాలు చెప్పు, బుడ్డోడిని అడిగానను.

నీ
రాఘవ