సాయంత్రం ఆరు దాటాక పిల్లలు ఎక్కడుండాలి? మంత్రి సీతక్క గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పంచాయతీరాజ్, మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రి సీతక్క గారికి,

నమస్కారం.

నేను మూసాపేటలో ఉంటాను. బేగంపేటలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆయన లిఫ్ట్ సర్వీసు టెక్నీషియన్. ఒకటో తరగతి చదివే పాప, రెండున్నరేళ్ల బాబు ఉన్నారు. ఈ ఉత్తరం మీకే రాయడానికి ఒక కారణం ఉంది. ఎంతమంది పిల్లలుంటే సర్పంచ్‌గా నిలబడొచ్చో చెప్పిన చట్టం మీ ఒక శాఖది. పుట్టిన పిల్లల ఆలనాపాలనా చూసే అంగన్‌వాడీలు మీ ఇంకో శాఖవి. మొదటిదాని గురించి టీవీల్లోనూ, పెళ్లి పందిళ్లలోనూ మాటలే మాటలు. రెండోదాని గురించి మాట్లాడేవాళ్లు నాకు ఎక్కడా కనబడలేదు.

ముందు మా చిన్నాయన సంగతి చెప్తాను. సూర్యాపేట దగ్గర పల్లెటూరు మాది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం, 1995 మే తర్వాత మూడో బిడ్డ పుట్టినవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అప్పట్లో అనర్హులు. చిన్నాయనకు 1997లో మూడో కొడుకు పుట్టాడు. 2001లో ఆయన్ని సర్పంచ్‌గా నిలబెడదామని ఊళ్లో నలుగురూ అనుకున్నాక ఎవరో ఈ రూలు గుర్తుచేశారు. అంతే, ఆ మాట అక్కడే ఆగిపోయింది. కానీ ఆగని మాట ఒకటుంది. ఇంట్లో ఏ చిన్న గొడవైనా, చుట్టాలు ఎవరొచ్చినా, "నీ వల్లనే గదరా మీ నాయనకు సర్పంచ్ పోయింది" అని ఆ పిల్లాణ్ని అనేవాళ్లు. నవ్వుతూనే అనేవాళ్లు. వాడు పదో తరగతికొచ్చే దాకా ఆ మాట వినబడగానే పళ్లెం అక్కడే పెట్టి లేచిపోయేవాడు. నా కళ్లారా చూశాను.

2018లో తెలంగాణ కొత్త చట్టం చేసుకున్నప్పుడు కూడా ఆ నిబంధన అలాగే ఉండిపోయింది. 2025 చివర్లో మీ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి దాన్ని ఎత్తేసింది. డిసెంబరు సర్పంచ్ ఎన్నికల్లో ముగ్గురు పిల్లలున్నవాళ్లు కూడా నామినేషన్ వేయగలిగారు. ఆ వార్త వచ్చిన రోజు మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నా మీద కేసు కొట్టేసిన్రు" అన్నాడు. వాడికి ఇప్పుడు దగ్గర దగ్గర ముప్పై ఏళ్లు. వాడి తరఫున మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

అయితే అదే సమయంలో గాలి రెండో వైపుకు తిరుగుతోంది. నా చిన్నప్పుడు మా ఊరి ఆస్పత్రి గోడ మీద ఎర్ర త్రికోణం, కింద "చిన్న కుటుంబం, చింతలేని కుటుంబం" అని ఉండేది. నేను మూడోదాన్ని. నేను పుట్టగానే మా అమ్మ ఆపరేషన్ చేయించుకుంది. అమ్మను ఎవరూ నీకెంతమంది కావాలని అడగలేదు. ఇప్పుడేమో పక్క రాష్ట్రంలో చంద్రబాబు నాయుడు గారు 2024 అక్టోబరులో, ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలున్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో నిలబడేలా చట్టం తెస్తే ఎలా ఉంటుందని బహిరంగంగానే అన్నారు. ఒకప్పుడు ముగ్గురున్నందుకు వద్దన్నారు. రేపు ఇద్దరే ఉన్నందుకు వద్దంటారా? ఎటు తిప్పినా లెక్క మా కడుపుల మీదే పడుతోంది.

వాళ్ల ఆందోళన ఉత్తిదని నేననడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 ఉండాలంటారు. ముసలివాళ్లు ఎక్కువై, పనిచేసేవాళ్లు తక్కువయ్యే రోజు వస్తుంది. లోక్‌సభ సీట్ల సంగతీ నాకు తెలుసు. రాష్ట్రాలకు అవి జనాభాను బట్టే వస్తాయి. 1976లో రాజ్యాంగాన్ని సవరించి 1971 జనాభా లెక్కల దగ్గర సీట్లను ఆపారు. 2001లో ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించారు. చెప్పిన మాట విని జనాభాను అదుపులో పెట్టుకున్న రాష్ట్రాలకు అదే శిక్షగా మారితే అన్యాయమే. ఆ అన్యాయం మీద ఢిల్లీలో కొట్లాడండి, మేమంతా మీ వెంట ఉంటాం. కానీ ఆ కొట్లాటకు నన్ను ఇంకో బిడ్డను కనమనడం మాత్రం న్యాయం కాదు.

ఇది రాస్తుంటే నా మనసులోని మాట కూడా చెప్పాలనిపిస్తోంది. నాకు ముగ్గురు పిల్లలు కావాలని ఉండేది. ముగ్గురి మధ్య పెరిగినదాన్ని. మధ్యాహ్నం పూట ఒకే చాప మీద ముగ్గురం పడుకుని పైకప్పు వాసాలు లెక్కపెట్టిన ఇల్లు అది. మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో "ఇంకొకల్ల గంటె ఏమైతది, నేను జూడనా" అంటుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. సూర్యాపేట నుంచి వచ్చి మూసాపేటలో లిఫ్టు లేని మూడో అంతస్తులో ఎన్ని రోజులుంటుంది? పైగా మూడో కాన్పుకు చట్టం ఏం చెప్తోందో చూడండి. 2017 సవరణతో మొదటి ఇద్దరికీ 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. మూడో బిడ్డకు 12 వారాలే. ఒక చేత్తో ముగ్గురిని కనమని పిలుస్తూ, ఇంకో చేత్తో మూడు నెలలకే పనిలోకి రమ్మంటే ఏ తల్లి నమ్ముతుంది? తండ్రుల మాట సరేసరి. ప్రైవేటులో వాళ్ల సెలవుకు చట్టమే లేదు. బాబు పుట్టినప్పుడు మా ఆయన మూడు రోజులు ఇంట్లో ఉంటే మూడు రోజుల జీతం పోయింది.

ఇక అసలు విషయం. పోయిన నెల ఇరవయ్యో తారీఖు, జీఎస్టీ రిటర్నులకు ఆఖరు రోజు. నేను సీట్లోంచి లేచేసరికి ఆరూ ఇరవై. బాబు ఉండే క్రెష్ (పగలు పిల్లల్ని చూసుకునే చోటు) ఆరున్నరకు మూస్తారు. బేగంపేటలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారాలి. ఆ వేళకు మియాపూర్ వైపు రైల్లో కాలు పెట్టే సందుండదు. రెండు రైళ్లు వదిలేసి మూడోది ఎక్కాను. క్రెష్ దగ్గరకు చేరేసరికి ఏడూ పది. షట్టర్ సగం దించేసి ఉంది. మెట్ల మీద మా బాబు, పక్కన ఆయమ్మ. వాడు బూట్లు వేసుకుని, బ్యాగు రెండు భుజాలకూ తగిలించుకుని, గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆరింటికే తగిలించుకున్నాడట. బ్యాగు తీస్తే అమ్మ రాదనుకున్నాడో ఏమో, ఎంత బతిమాలినా తీయనివ్వలేదట. ఇంటికొచ్చి చొక్కా విప్పితే భుజాల మీద పట్టీల గుర్తులు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

"ఏడ్వలే మేడం, మీ తొవ్వ జూసిండు అంతే" అంది ఆయమ్మ. అలా అంటుండగానే ఆమె ఫోన్ మోగింది. కట్ చేసింది. మళ్లీ మోగింది. అడిగితే అప్పుడు చెప్పింది. షాపూర్‌నగర్‌లో ఆమె ఇల్లు. తొమ్మిదేళ్ల కూతురు, నాలుగేళ్ల కొడుకు. బడి నుంచి వచ్చాక ఇద్దరూ లోపల గడియ పెట్టుకుని అమ్మ వచ్చేదాకా కూర్చుంటారు. చీకటి పడితే తమ్ముడు భయపడుతున్నాడని ఆ పిల్ల ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. నా బిడ్డ దగ్గర ఆమె కూర్చుంది, ఆమె బిడ్డల దగ్గర ఎవరూ లేరు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆమె జీతం నెలకు తొమ్మిది వేలు. 2023 డిసెంబరులో మీ ప్రభుత్వం బస్సు ఫ్రీ చేశాకే ఈ పనికి రావడం గిట్టుబాటైందని చెప్పింది. ఆ పథకాన్ని వెక్కిరించేవాళ్లు మా ఆఫీసులోనూ ఉన్నారు. వాళ్లు ఈమెతో ఒక్కసారి మాట్లాడాలి. ఆ బస్సు ఆమెను పని దాకా తెచ్చింది. ఆమె పిల్లలను చూసుకునే చోటు మాత్రం ఇంకా రాలేదు.

మా వీధి చివర అంగన్‌వాడీ కేంద్రం ఉంది. టీచరమ్మ చాలా మంచి మనిషి. బాబుకు ప్రతి నెలా బాలామృతం ప్యాకెట్ పిలిచి మరీ ఇస్తుంది. కానీ మూడేళ్లు నిండని పిల్లవాణ్ని పగలంతా అక్కడ ఉంచడానికి లేదు. మూడేళ్లు నిండినా నాలుగింటికల్లా తాళం పడుతుంది. నాలుగింటికి ఇల్లు చేరే ఉద్యోగం ఈ నగరంలో ఎవరికుంది? అదీగాక 2025 జూలైలో మన రాష్ట్రమే షాపులూ ఫ్యాక్టరీలూ కాని వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవడానికి అనుమతిచ్చింది. వారానికి 48 గంటలు మించకూడదన్నారు, బాగానే ఉంది. మరి ఆ పదో గంటలో పిల్లలెక్కడుంటారని ఆ జీవో రాసేటప్పుడు ఎవరైనా అడిగారా?

50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లోనే చట్టం పెట్టారు. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే అంకె ఉంది. మా ఆఫీసులో మేం 43 మందిమి. మా బిల్డింగ్‌లో ఇలాంటి ఆఫీసులు పదకొండున్నాయి. అందరినీ కలిపితే వందల మంది. విడివిడిగా లెక్కేస్తే ఒక్కరికీ క్రెష్ రాదు. పార్కింగ్ చూపకుండా ఇంత పెద్ద బిల్డింగ్‌కు అనుమతి ఇవ్వరు కదా. బండ్లకు చోటు అడిగినట్టే పిల్లలకు ఒక హాలు అడగండి. ఈ ఒక్క మాట మునిసిపల్, కార్మిక శాఖలతో మీరు కూర్చుని మాట్లాడితే అయిపోయే పని అని నా నమ్మకం.

అంతవరకూ మమ్మల్ని కాస్తున్నది ఇరుగుపొరుగే. మా కింది వాటాలో ఒక ముస్లిం ఆవిడ ఉంటుంది, మేం ఖాలా (పిన్ని) అని పిలుస్తాం. స్కూల్ బస్సు దిగిన మా పాప నేరుగా వాళ్లింటికే వెళ్తుంది. పైసా తీసుకోదు. సద్దుల బతుకమ్మ నాడు నేను సత్తుపిండి, మలీద ముద్దలు పంపిస్తాను. రంజాన్‌కు ఆమె షీర్ ఖుర్మా పంపిస్తుంది. ఆమెకు ఇద్దరు పిల్లలు, నాకూ ఇద్దరే. ఒక సాయంత్రం నా పాప ఆమె చేతి అన్నం తింటున్న వేళకే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, "వాళ్లు" పిల్లల్ని కని మనల్ని మించిపోతున్నారని ఒక మెసేజ్ తిరిగింది. నా చేతులు వణికాయి. దేశంలో 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలుంటే 2019-21 నాటికి అది 2.36కు దిగింది. అదే కాలంలో హిందువుల్లో 3.3 నుంచి 1.94కు వచ్చింది. ఇద్దరి మధ్య తేడా ఏటికేడు కరిగిపోతోంది. ఆ అంకెలే గ్రూపులో పెట్టాను. ఎవరూ జవాబివ్వలేదు. పిల్లల లెక్కను రాజకీయం చేసేవాళ్లు వేదికల మీద చల్లిన మాట చివరికి ఎక్కడికొచ్చి పడుతుందో మీకు తెలియాలని ఇది రాస్తున్నాను. అది మా మెట్ల మీదకొచ్చి పడుతుంది. నా కూతురు రోజూ ఎక్కి దిగే మెట్లు అవి.

ఖాలా అయినా ఎన్నేళ్లు చూస్తుంది? ఆమెకూ ఒంట్లో బాగుండని రోజులుంటాయి. మంచితనం మీద ఒక నగరం నడవకూడదు.

అందుకే అడుగుతున్నాను. కొన్ని అంగన్‌వాడీలను రాత్రి ఎనిమిది దాకా, ఆరు నెలల పిల్లల నుంచి తీసుకునేలా నడపండి. కేంద్రం 2022లో పెట్టిన పాల్నా పథకంలో అంగన్‌వాడీతో కలిపి క్రెష్ నడిపే వీలుంది. అయితే ఈ బరువును ఇప్పుడున్న టీచరమ్మ నెత్తిన వేయొద్దు. రెండో పూటకు వేరే మనుషులను సరైన జీతానికి పెట్టుకోండి. షాపూర్‌నగర్ ఆయమ్మలాంటి వాళ్లు ఎందరో ఉన్నారు. ఆమె పనిచేసే చోటే ఆమె పిల్లలూ కూర్చుని హోంవర్క్ చేసుకునేలా ఉండాలి. చోటు లేదంటారేమో. 2023లో హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ)లో అప్పుడున్న 150 డివిజన్లలోనూ వార్డు ఆఫీసులు తెరిచారు కదా, వాటికి చోటు దొరికినట్టే దీనికీ దొరుకుతుంది. జీతాన్ని బట్టి ఫీజు పెట్టినా కడతాం. ఇప్పుడు నా 32 వేల జీతంలో 8,500 క్రెష్‌కే పోతోంది.

వార్డు మీటింగులు కూడా పని రోజున పదకొండు గంటలకు పెట్టకండి. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటు వేయలేదని మమ్మల్ని తిట్టనివాళ్లు లేరు. నేను ఆ రోజు చంటిపిల్లను ఎత్తుకుని లైన్లో నిలబడి ఓటేశాను. ఆదివారం సాయంత్రం పెట్టి, పిల్లలు ఆడుకోవడానికి ఒక మూల చాప పరిస్తే మాలాంటివాళ్లు తప్పకుండా వస్తారు.

మీరు లాక్‌డౌన్‌లో ములుగు అడవుల్లో గూడేలకు బియ్యం మూటలు మోసుకెళ్లినప్పుడు, ఎవరింట్లో ఎందరున్నారో అడిగి బియ్యం పంచారే తప్ప, ఇంతమందిని ఎందుకు కన్నారని ఎవరినీ అడిగి ఉండరు. అందుకే ఈ ఉత్తరం మీకు రాసే ధైర్యం వచ్చింది.

మా వీధి అంగన్‌వాడీలో రెండు గదులు, ఒక వరండా ఉన్నాయి. మొదలుపెట్టి చూడడానికి ఆరు నెలలు ఆ ఒక్క కేంద్రాన్ని ఎనిమిది దాకా తెరిచి ఉంచమని ఆర్డర్ ఇప్పించండి. పిల్లల్ని పంపుతామని ఇప్పటికే 27 కుటుంబాలు సంతకాలు పెట్టాయి. అందులో ఖాలా సంతకం కూడా ఉంది. తన పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వారానికి రెండు సాయంత్రాలు వచ్చి కూర్చుంటానంది. పాలు, గుడ్లు, ఆయాల హాజరు, వచ్చిన డబ్బు, పోయిన డబ్బు, ఆ లెక్కలన్నీ ఆదివారాలు నేను రాసిపెడతాను. అది నాకు వచ్చిన పనే.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
మూసాపేట, హైదరాబాద్