వ్యవసాయ యూనివర్సిటీ భూమి ఖాళీ జాగా కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ యూనివర్సిటీ భూమిలో 100 ఎకరాలు హైకోర్టు కొత్త భవనాలకు ఇచ్చినప్పుడు వ్యవసాయ విద్యార్థులు ధర్నాకు దిగారు. 2024 మార్చిలో శంకుస్థాపన కూడా అయిపోయింది. హైకోర్టుకు మంచి భవనం కావాలి, అందులో నాకు పేచీ లేదు. కానీ "అక్కడ బోలెడు ఖాళీ జాగా ఉంది కదా" అనే మాట ఇప్పటికీ వినపడుతోంది. ఆ క్యాంపస్‌లో చదువుకుని, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన నాకు ఆ మాట వింటే ప్రాణం చివుక్కుమంటుంది.

ఇలాంటి యూనివర్సిటీలకు మూలం అమెరికాలో ఉంది. 1862లో అధ్యక్షుడు లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం అమెరికా రాష్ట్రాలకు, అక్కడి పార్లమెంటులో (దాని పేరు కాంగ్రెస్) ఒక్కో సభ్యుడికి 30,000 ఎకరాల లెక్కన భూమి ఇచ్చింది. అందులో చాలా భాగం అక్కడి ఆదివాసుల నుంచి లాక్కున్నదే, ఆ అన్యాయం మరవకూడదు. ఆ భూమి అమ్మిన సొమ్ముతో రైతుల, కార్మికుల పిల్లలకు కాలేజీలు వచ్చాయి. తర్వాత పరిశోధన కేంద్రాలు, 1914లో ఊళ్లకు వెళ్లి రైతులకు చెప్పే విస్తరణ సేవ తోడయ్యాయి. అదే పద్ధతిలో మన దేశంలో 1960లో పంత్‌నగర్‌, 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలయ్యాయి. మనకు సాయపడింది కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ, అదీ మోరిల్ చట్టం కింద వచ్చిన కాలేజీయే.

అమెరికాలో ఆ భూమిని అమ్మి కాలేజీలు నడిపారు. మనకు మాత్రం భూమే ల్యాబ్. ఒక వరి రకం రైతు చేతికి రావాలంటే పదేళ్లకు పైగా పడుతుంది. రెండు రకాలను సంకరం చేయాలి, తరం తర్వాత తరం మంచి మొక్కలను ఏరుకోవాలి, మళ్లీ మళ్లీ వేసి చూడాలి. ఏ మడిలో ఏ ఏడు ఏం వేశారు, ఎంత ఎరువు పడింది అన్నది రాసి ఉన్న నేలలోనే ఆ లెక్క నిలుస్తుంది. వేరేచోట అంతే భూమి ఇచ్చినా, దాన్ని చదును చేసి ప్రయోగాలకు పనికొచ్చేలా తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది. తెలంగాణ సోనా వరి అసలు పేరు ఆర్‌ఎన్‌ఆర్ 15048. ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగరే. సాంబ మసూరి కోడ్ బీపీటీలో బాపట్ల, స్వర్ణ కోడ్ ఎంటీయూలో మారుటేరు ఉన్నట్టే.

మిగిలిన భూమికైనా సర్వే చేసి హద్దులు తేల్చాలి. శాస్త్రవేత్తల అభిప్రాయం తీసుకుని, శాసనసభలో చర్చించాకే తప్ప ఒక్క ఎకరం కూడా వేరే పనికి ఇవ్వకూడదని చట్టం తేవాలి. గుంటూరు దగ్గరి లాం ఫారంతో సహా ఆంధ్రప్రదేశ్ పరిశోధన కేంద్రాలకూ ఇదే రక్షణ కావాలి.

— ఒక విశ్రాంత వ్యవసాయ అధికారి, నల్గొండ జిల్లా