కలెక్టరూ, డబ్బు పడిందిరా!

ఒరేయ్ కలెక్టరూ,

ముందు నన్ను నాలుగు తిట్టి ఆ తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో! ఈ ఆదివారం రాస్తా, వచ్చే ఆదివారం రాస్తా అనుకుంటూనే ఇన్నాళ్లూ గడిచిపోయాయి. క్షమించరా. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, మెట్లెక్కుతోంది. నాన్నకి కొత్త కళ్లజోడు వచ్చింది. మేం ఇల్లు మారాం, కొత్త అడ్రసు కవరు వెనక రాశాను. నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. కబుర్లు ఇంతే. అసలు సంగతి వేరే ఉంది, అది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు.

మా అక్క కూతురు చిట్టికి స్కాలర్‌షిప్ పడింది! నిన్న సాయంత్రం, 50,000 రూపాయలు, దాని ఖాతాలోనే! ఫోన్ చేసి "మామయ్యా" అంది, ఆ తర్వాత మాట రాలేదు దానికి. వెనక నుంచి అక్క ఏడుపు వినిపించింది. నేను ఏం కీడు జరిగిందో అని హడలిపోయాను. చివరికి ఎలాగో చెప్పింది. చెప్పాక ముగ్గురం కాసేపు ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తు లేదు.

బావ సంగతి నీకు తెలుసు కదా, మళ్లీ రాయలేను. అక్క కుట్టుపని మీదే ఇల్లు నడుస్తోంది. అలాంటి ఇంట్లో పిల్లకి బీటెక్ సీటు వచ్చింది. కంప్యూటర్ సైన్స్! అందరం సంబరపడే లోపే ఫీజు, హాస్టలు, పుస్తకాలు, లాప్‌టాప్ అంటూ లెక్క మొదలైంది. అక్క తన గాజుల వైపు చూసుకోవడం చిట్టి గమనించింది. మర్నాడు నాతో "ఇక్కడే డిగ్రీలో చేరిపోతాను మామయ్యా, ఏముంది" అంది, మొహం పక్కకి తిప్పుకుని. నాకు కడుపులో దేవినట్టయింది. మన మూడో నంబరు గదిలో ఆ రాత్రి నువ్వూ ఇదే మాట అన్నావు. నేను దానికేం చెప్పానో నీకు గుర్తుండే ఉంటుంది. అదే చిట్టికీ చెప్పాను, ఆ పచ్చ దుప్పటి మాట తప్ప.

అక్కణ్నుంచి వెతకడం మొదలుపెట్టాం. మొదట చదువు రుణం. పీఎం విద్యాలక్ష్మి అని 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఒక పథకాన్ని ఆమోదించింది చూడు, తాకట్టు లేకుండా, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, ఇంకే ప్రభుత్వ స్కాలర్‌షిప్పూ వడ్డీ రాయితీ రాని పిల్లలకి 10 లక్షల రుణం దాకా వడ్డీలో 3 శాతం తగ్గింపు కూడా ఉంది. కానీ అది ర్యాంకుల్లో ముందున్న సంస్థలకే. మొదలుపెట్టినప్పుడు అవి 860. చిట్టి కాలేజీ ఆ జాబితాలో లేదు. మామూలు చదువు రుణానికి కూడా 4 లక్షల దాకా బ్యాంకు తాకట్టు అడగకూడదు, తల్లో తండ్రో సహరుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. నేను ఇదంతా చెబుతుంటే అక్క వింటూనే ఉంది గానీ, అప్పు అనే మాట వచ్చేసరికి దాని చెయ్యి వణికింది. ఇక నేను ముందుకు పోలేదు.

అప్పుడు దొరికింది ప్రగతి స్కాలర్‌షిప్. సాంకేతిక విద్యని చూసుకునే కేంద్ర మండలి ఏఐసీటీఈ ఇస్తుంది, సాంకేతిక కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకి. ఏడాదికి 50,000. బీటెక్ లాంటి డిగ్రీల్లో మొదటి ఏడాది చేరినవాళ్లకి నాలుగేళ్లు, లేటరల్ ఎంట్రీలో, అంటే డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాది చేరినవాళ్లకి మూడేళ్లు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఒకింట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. వికలాంగులైన పిల్లలకి సక్షమ్ అని వేరే ఉంది. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. దానికి పైసా కట్టక్కర్లేదు. ఇది గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, "ప్రాసెసింగ్ ఫీజు కడితే మీ అమ్మాయిది ముందు చేయిస్తాం" అని అక్కకి ఎవడో ఫోన్ చేశాడు. నా రక్తం మరిగిపోయింది. బీదవాళ్ల ఆశ మీద బతకడం ఏం బతుకురా అది!

సరే, దరఖాస్తు పెట్టాం. మీసేవలో ఆదాయ ధ్రువపత్రం, ఫోన్ కెమెరా ముందు ముఖం చూపించి పోర్టల్‌లో ఒకేసారి చేసుకునే రిజిస్ట్రేషన్ నంబరు (ఓటీఆర్), అన్నీ అయ్యాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది, దాంతో కొంత తిప్పలు. మన పిల్లల్లో సగం మందికి ఈ ఇంటిపేరు గొడవే కదా. తర్వాత కాలేజీ వాళ్లు ఆన్‌లైన్‌లో పరిశీలించి పైకి పంపాలి. అది పంపేదాకా చిట్టి రోజూ ఆ కిటికీ దగ్గర నిలబడి వచ్చింది. ఎలాగో పంపారు. పై స్థాయిలోనూ ఆమోదం అయింది. ఇక డబ్బే తరువాయి అనుకున్నాం.

డబ్బు రాలేదు. దాని క్లాసులో అమ్మాయిలకి పడింది, దీనికి పడలేదు. స్టేటస్‌లో చూస్తే అన్నీ సవ్యంగానే ఉన్నాయి. చిట్టి మళ్లీ ఆ డిగ్రీ మాట ఎత్తింది. ఈసారి నాకు కోపం వచ్చింది. దాని మీద కాదు, ఎవరి మీదో కూడా తెలియని కోపం.

ఇప్పుడు జాగ్రత్తగా విను కలెక్టరూ, నీకు పనికొచ్చేది ఇదే. ఈ డబ్బు డీబీటీలో, అంటే ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే పద్ధతిలో వస్తుంది, ఖాతా నంబరు చూసి రాదు. ఆధార్ నంబరు ఏ బ్యాంకుకి సీడ్ అయి, అంటే ఈ డబ్బు కోసం ముడిపడి ఉంటే ఆ బ్యాంకుకి పోతుంది. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర ఒక పట్టిక ఉంటుంది, ఒక ఆధార్‌కి ఎదురుగా ఒకే బ్యాంకు. చిట్టికి హైస్కూల్లో ఉన్నప్పుడు ఎవరో జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిపించారు. అది ఎన్నడో మూలపడింది, పాస్‌బుక్కు కూడా లేదు. కానీ పట్టికలో దాని పేరే ఉంది! మనం ఇల్లు మారినా ఉత్తరాలు పాత ఇంటికే పోతున్నట్టన్నమాట. ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని కనిపిస్తుంది, అందులో బ్యాంకు పేరు, అది పనిచేస్తోందో లేదో ఉంటాయి. ఇది కనిపెట్టింది నేను కాదు, చిట్టే. రాత్రంతా కూచుని కనిపెట్టింది.

మర్నాడు ఇద్దరం దాని కొత్త బ్యాంకుకి వెళ్లాం. కౌంటర్లో ఆవిడ తల ఎత్తకుండానే "ఆధార్ లింక్ అయ్యే ఉందమ్మా, ప్రాబ్లం మా దగ్గర కాదు" అనేసింది. వెనక పెద్ద లైను. నేను ఏదో అనబోయాను. చిట్టి నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఎవరైనా పేరడిగితే అమ్మ వెనక దాక్కునే పిల్ల రా అది! ఫోన్ తీసి ఆ పేజీ గాజు పలకకి ఆనించి పట్టుకుని, "మేడమ్, లింక్ అయింది కేవైసీకి, గుర్తింపు కోసమే. డీబీటీకి సీడింగ్ ఇంకా పాత బ్యాంకులోనే ఉంది, చూడండి. దాన్ని ఇక్కడికి మార్చే ఫారం ఇవ్వండి" అంది. గొంతు వణికింది గానీ మాట వణకలేదు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఫోన్ చూసింది, చిట్టిని చూసింది, లోపలికెళ్లి ఫారం తెచ్చింది. పాత బ్యాంకు పేరు రాయాల్సిన గడి కూడా ఆవిడే వేలు పెట్టి చూపించింది. లైన్లో మా వెనకున్న పెద్దాయన "ఏం చదువుతున్నావమ్మా" అని అడిగాడు. "బీటెక్ ఫస్టియర్ అండీ" అంది, ఈసారి మొహం పక్కకి తిప్పుకోకుండా.

రాస్తుంటేనే ఒళ్లు పులకరిస్తోందిరా. యాభై వేలు పెద్ద సాయమే, కాదనను, కానీ నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ కౌంటర్ కోసం.

కొన్నాళ్లకి ఆ పేజీలో బ్యాంకు పేరు మారింది. ఆ తర్వాత ఎదురుచూపులు, మళ్లీ ఎదురుచూపులు, నిన్న డబ్బు.

అసలు ఇంత ముఖ్యమైన సంగతి చేరిన రోజే కాలేజీలో ఎవరో ఒకరు పిల్లలకి ఎందుకు చెప్పరు? పథకం ఉంది, డబ్బు మంజూరైంది, పిల్ల అర్హురాలు. మధ్యలో ఒక మూలపడ్డ ఖాతా అడ్డం పడితే నాలుగేళ్ల చదువు ఆగిపోవాలా? చిట్టికి నేనున్నాను. ఎవరూ లేని పిల్లలు ఎంతమంది ఊరికే... సరే, ఆ ఆలోచన ఇప్పుడు వద్దు.

అందుకే నిన్ను అడుగుతున్నా. నువ్వు పేరుకి కలెక్టరువైనా లెక్చరరువి, నీ దగ్గర డిగ్రీ పిల్లలున్నారు కదా. నీ క్లాసులో ఒక గంట తీసుకో. ప్రతి ఒక్కరితో ఫోన్లో సీడింగ్ స్టేటస్ తెరిపించు, ఎవరిది ఎక్కడుందో అప్పుడే తేలిపోతుంది. స్కాలర్‌షిప్‌కి తెలంగాణ ఈ-పాస్ అయినా ఆంధ్రా జ్ఞానభూమి అయినా ఏది నింపుతున్నా ముందు ఇది చూసుకోమను. ఇంటర్లో మంచి మార్కులొచ్చినవాళ్లకి కేంద్రానిదే ఇంకోటుంది, ఏడాదికి 82,000 మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం ఆడపిల్లలకే. బోర్డులో 80 పర్సంటైల్ దాటాలి, అంటే వందలో ఎనభై మంది కంటే పైన ఉండాలి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు, వేరే స్కాలర్‌షిప్ తీసుకోకూడదు, రెగ్యులర్ కోర్సు కావాలి. డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000. మీ కాలేజీలో దీనికి ఎవరైనా పెట్టారా కనుక్కో. నాకు తెలిసిన ఒక్క లెక్చరరూ ఈ మాట క్లాసులో ఎత్తగా వినలేదు. నువ్వు ఎత్తాలి. నువ్వైతే ఎత్తుతావు, నాకు తెలుసు, ఆ గంట కొట్టిన రోజు నుంచీ తెలుసు.

రుణం తీసుకున్న పిల్లలెవరైనా ఉంటే వడ్డీ సంగతి కూడా ఉంది. టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులైతే ఆదాయం 4.5 లక్షల లోపున్నవాళ్లకి చదివినంత కాలం, ఆపైన ఒక ఏడాదీ వడ్డీ మొత్తం కేంద్రమే... అయ్యో, టైమైపోయింది, కింద ఆఫీసు వాన్ హారన్ కొడుతోంది. ఇది దారిలో పోస్టు చేసేస్తా. వడ్డీ సంగతి వచ్చే ఉత్తరంలో. వదినకి నమస్కారాలు, బుడ్డోడికి ముద్దులు. ఆ, ఒక్క మాట, రెన్యువల్! ఏటా మళ్లీ పెట్టాలి. ఆ 12,000 దానికైతే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. పిల్లలకి మొదటి రోజే చెప్పు.

నీ
మూడో నంబరు