సిద్ధంగా ఉన్న సోలార్ ప్లాంట్‌కు గ్రిడ్ కనెక్షన్ ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

గ్రిడ్ కనెక్షన్ల విభాగం అధికారి గారికి,

విషయం: మా 5 మెగావాట్ల ప్లాంట్ కనెక్షన్‌ను మూడోసారి వాయిదా వేయడం గురించి

అయ్యా,

మా సోలార్ ప్లాంట్ పూర్తయి 14 నెలలైంది. ప్యానెళ్లు బిగించాం, ప్యానెళ్ల కరెంటును గ్రిడ్‌కు సరిపోయేలా మార్చే ఇన్వర్టర్లు పెట్టాం, టెస్టులన్నీ అయ్యాయి. మీ సబ్‌స్టేషన్ దాకా కేబుల్ కూడా లాగాం. దాని కొస ఇప్పటికీ మీ కంచె పక్కన టార్పాలిన్ కింద చుట్ట చుట్టి ఉంది. అక్కడి నుంచి లైను కలిపే మీ స్విచ్‌కు (బ్రేకర్‌కు) పన్నెండు అడుగులు కూడా ఉండదు. దుమ్ము పేరుకోకుండా వారం వారం ప్యానెళ్లు కడిగిస్తున్నాం. ఎండ మండిపోతున్నా మీటరు మాత్రం సున్నా దగ్గరే ఉంది.

పోయిన వారం మీ నుంచి వచ్చిన ఉత్తరంలో ఉన్నవి మూడే వాక్యాలు. సబ్‌స్టేషన్‌లో కెపాసిటీ లేదు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేదాకా ఆగాలి, ఇంకో రెండేళ్లు పట్టొచ్చు అని. మొదట ఆరు నెలలన్నారు, తర్వాత ఏడాదన్నారు, ఇప్పుడిది. మీరు రాసిచ్చిన మొదటి తేదీని నమ్మే అప్పు తెచ్చి పని మొదలుపెట్టాం. కరెంటు అమ్మకపోయినా బ్యాంకుకు కట్టాల్సింది నెల నెలా కడుతూనే ఉన్నాం. ఈ టెన్షన్‌తో మా వాళ్లకు నిద్ర కరువైంది.

ఇబ్బంది మీ ఒక్కరిదే కాదని మాకూ తెలుసు. కనెక్షన్ కోసం ఎదురుచూస్తున్న పునరుత్పాదక ప్రాజెక్టులు ప్రపంచమంతా కలిపి 3,000 గిగావాట్లకు పైనే ఉన్నాయని, అందులో సగం దాకా చాలా ముందుకొచ్చేసినవేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లోనే లెక్క చెప్పింది. సోలార్ ప్లాంట్ ఏడాది, రెండేళ్లలో లేస్తుంది. కొత్త హైవోల్టేజీ లైనుకు భూమి, అనుమతులు, టవర్లు అన్నీ కలిపి ఐదు నుంచి పదిహేనేళ్లు పడుతుంది. కాబట్టే లైన్లు ముందు పడాలి. అమెరికాలోని టెక్సస్‌లో గాలి బాగా వీచే జోన్లను 2008లో గుర్తించి, ప్లాంట్లన్నీ వచ్చేదాకా ఆగకుండా 2014 మొదటికల్లా సుమారు 5,800 కిలోమీటర్ల లైన్లు వేశారు. మీరు మాత్రం దరఖాస్తులు తీసుకుంటూ పోయారు, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఇప్పుడు చెబుతున్నారు.

మా అసలు ఫిర్యాదు ఆ ‘కెపాసిటీ లేదు’ అన్న మాట మీదే. ఏ గంటలో లేదు? ఏడాదిలో ఎన్ని గంటలు లేదు? ట్రాన్స్‌ఫార్మర్ లోడ్ వివరాలు ఇవ్వమని రెండుసార్లు అడిగాం, ఇవ్వలేదు. కెపాసిటీ లెక్క వేసేది అన్నిటికన్నా గడ్డు పరిస్థితిని పట్టుకుని. అంటే ఎండ బాగా కాసి, ఊళ్లలో వాడకం తక్కువై, మిగిలిన కరెంటంతా ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా ఒక్కసారి పెద్ద లైన్లలోకి ఎక్కే సమయం. అలాంటి గంటలు ఏడాదంతా ఉండవు. ఆ గంటల్లో మా ఉత్పత్తి తగ్గించుకుంటామని, మీ కంట్రోల్ రూమ్ నుంచే మా ఇన్వర్టర్లకు పరిమితి పెట్టుకోవచ్చని రాసిచ్చాం. బ్రిటన్‌లో పంపిణీ కంపెనీలు ఇలాంటి షరతుతో ఏళ్లుగా కనెక్షన్లు ఇస్తున్నాయి. మా ప్రతిపాదనకు మీరు ఒప్పుకోనూ లేదు, కుదరదనీ చెప్పలేదు.

ఇంకొకటి. క్యూలో మా ముందున్న వాటిలో కొన్నిటికి ఇంతవరకు భూమి కూడా లేదని మీ సిబ్బందే ఫోన్లో చెప్పారు. కాగితం మీదున్న ప్రాజెక్టు కోసం కట్టేసిన ప్లాంటును ఆపడం అన్యాయం. సిద్ధంగా ఉన్నవాళ్లకే ముందు అవకాశం వచ్చేలా అమెరికా ఇంధన నియంత్రణ కమిషన్ 2023లో క్యూ నిబంధనలు మార్చింది. ఆ పని మీరూ చేయొచ్చు.

దయచేసి 30 రోజుల్లో ఈ ట్రాన్స్‌ఫార్మర్‌పై గడిచిన ఏడాది గంటవారీ లోడ్ వివరాలు పంపండి. ఉత్పత్తి తగ్గించుకునే షరతుతో తాత్కాలిక కనెక్షన్ ఇస్తారో లేదో, ఇవ్వకపోతే ఎందుకో రాతపూర్వకంగా చెప్పండి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆర్డర్ పెట్టారా, పెడితే ఏ తేదీన పెట్టారో కూడా తెలపండి. జవాబు రాకపోతే ఇదే లేఖతో, ఇప్పటిదాకా మీరిచ్చిన మూడు తేదీల కాపీలతో విద్యుత్ నియంత్రణ మండలిని ఆశ్రయిస్తాం.

ఇట్లు,
ప్లాంట్ నిర్వాహకుడు