మా అమ్మ ఇల్లు చక్కబెట్టిన మా వీధివాళ్ళకు

శ్రావణం రాగానే ఒంగోలు లాయర్‌పేటలోని మా అమ్మ ఇంటికి బయానా తీసుకున్నాం. వచ్చే వారం రిజిస్ట్రేషన్. ఈ బేరం కుదరడం మీ అందరి చలవ. ఇంటింటికీ వచ్చి చెప్పాను గానీ నాకు తృప్తి కలగలేదు, అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి వరసలతోనే పిలుస్తాను.

నాన్న పోయాక అమ్మను నెల్లూరులో మా ఇంటికి తీసుకెళ్దామని ఇల్లు అమ్మకానికి పెట్టాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు హాల్లో నిలబడే "గదులు ఇరుకమ్మా" అని వెళ్ళిపోయేవారు. టేపు పెట్టి కొలిస్తే హాలు 12 బై 16, పడకగది 10 బై 11. ఈ కొలతల ఇంటిని ఇరుకంటారేంటని అమ్మ ఎంత బాధపడిందో!

మా చిన్నాన్న కూతురు విజయవాడలో ఇంటీరియర్ పని చేస్తుంది. ఆషాఢంలో ఎటూ ఎవరూ బేరానికి రారని, ఆ రోజుల్లోనే సెలవు పెట్టుకుని వచ్చింది. కొనేవాళ్ళలాగా గేటు దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగింది. "అక్కా, ఇక్కడ నిలబడితే నాకు ఎదురు గోడ మూల కనపడాలి, నేల కనపడాలి. దివాన్, షోకేసు తప్ప ఏమీ కనపడట్లేదు" అంది. నేల ఎంత దూరం కనిపిస్తే గదిని మన కన్ను అంత పెద్దదిగా లెక్క కడుతుందట. ఆ రెండూ తీయించి, కింద కాళ్ళున్న చిన్న సోఫా, రెండు పేము కుర్చీలు మాత్రం ఉంచింది. పడకగది తలుపు వెనక బీరువా ఉండడంతో తలుపు సగమే తెరుచుకునేది. బీరువా జరిపాక తలుపు గోడ దాకా వెళ్ళింది. ఆ ఒక్క పనితోనే గది మారిపోయింది.

ఆ ఊపులో గది మొత్తం ఖాళీ చేద్దామన్నాను. చెల్లి ఒప్పుకోలేదు. ఉత్త గదిలో మంచం పడుతుందో లేదో చూసేవాళ్ళకు అంచనా అందదు, అందుకే ఇంకా చిన్నదిగా అనిపిస్తుందంది. 5 అడుగుల వెడల్పు మంచం మధ్యలో వేయించి, అటూ ఇటూ రెండున్నర అడుగుల చొప్పున నడిచే దారి ఉంచింది. కర్టెన్ రాడ్లను కిటికీ నెత్తి మీద నుంచి తీసి స్లాబు కిందకి ఎత్తించింది. కిటికీకి రెండు వైపులా అడుగు చొప్పున ఎక్కువ వచ్చేలా పొడవాటి రాడ్లు వేయించింది. దాంతో కర్టెన్లు పక్కకి లాగితే అద్దం మీద అంగుళం గుడ్డ కూడా పడదు. దోమల జాలీలు విప్పి కడిగితే నల్లటి నీళ్ళు కారాయి. ఇన్నేళ్ళూ సగం వెలుతురు అక్కడే ఆగిపోయింది.

పెయింటర్ బాబాయ్, మీకు నమస్కారం. గదికో రంగు ఉన్న ఇంటికి అంతటా ఒకటే లేత రంగు, పైన తెల్ల సీలింగు వేస్తే గదికీ గదికీ మధ్య గీత చెరిగిపోతుందన్నారు. అలాగే జరిగింది. కానీ నేను మరచిపోలేనిది మరొకటి. బాత్రూమ్ పక్క గోడ మీద చెమ్మ మరక ఉంది. దాని మీద రంగు వేయనన్నారు. "కార్తీకం వానలకు పొంగుతుందమ్మా, కొన్నవాళ్ళ ఉసురు మనకొద్దు" అన్నారు. ముందు పైపు లీకు కట్టించి, గోడ గీకి, బాగా ఆరనిచ్చి, ఆ తర్వాతే పుట్టీ పెట్టారు. ఈ సంగతి కొనేవాళ్ళకు కూడా చెప్పాం. విన్నాక వాళ్ళు మమ్మల్ని మరింత నమ్మారు.

చీమకుర్తి పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడికి ఏమిచ్చుకోగలను? మా నేల చీమకుర్తి గెలాక్సీ అనే నల్ల గ్రానైటు రాయే. ఏళ్ళ తరబడి ప్లాస్టిక్ చాపల కింద ఉండిపోయింది. నల్ల నేల గదిని చిన్నది చేస్తుందేమోనని చెల్లి కూడా భయపడింది. తమ్ముడు సెలవు రోజున మిషన్ తెచ్చి మెరుగు పెట్టాడు. కిటికీ వెలుతురు నేల మీద పడి, ఆ నలుపులోని బంగారు చుక్కలు తేలాయి. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

అన్నిటికన్నా కష్టమైన పని పక్కింటి పిన్నిది. అటక మీద ఇత్తడి సామాను, నాన్న పుస్తకాలు, ఈశాన్యం మూల రుబ్బురోలు, దేన్ని కదిపినా అమ్మకు కన్నీళ్ళే. పిన్ని పక్కన కూర్చుని ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని, "అక్కా, ఇది నెల్లూరు తీసుకెళ్తావా, ఎవరికైనా ఇద్దామా?" అని అడిగింది. పారేద్దామన్న మాట ఆమె నోట రాలేదు. తన మేడ మీద గది ఖాళీ చేసి మా సామానుకు ఇచ్చింది. రుబ్బురోలు తీశాక ఈశాన్యం తేలికయింది. వాస్తు చూసుకునేవాళ్ళు మొదట వెతికేది ఆ మూలనే. గోడల మీద ఫొటోలు తీసేయాలని చెల్లి అన్నప్పుడు, నాన్న ఫొటో ఒక్కటీ ఉండాల్సిందేనని పిన్ని పట్టుబట్టింది. చెల్లి సరేనంది. నాకూ అదే న్యాయమనిపించింది.

వంటింటి గట్టు మీద స్టవ్వు, మంచినీళ్ళ బిందె తప్ప అన్నీ లోపల పెట్టేశాం. బల్బులన్నీ ఒకే రంగు వెలుతురువి మార్చాం. పిన్ని కొడుకు పొద్దున్నే ఎండ వచ్చే వేళ, తలుపు మూల నుంచి ఫొటోలు తీశాడు. ఫోన్‌లో గదిని సాగదీసి చూపించే లెన్సు వాడనన్నాడు. ఫొటోలో పెద్దగా చూసి వచ్చినవాళ్ళు ఇంట్లో అడుగుపెట్టగానే నిరాశ పడతారని వాడి వాదన.

కొన్న దంపతులు పడకగదిలో మంచం చుట్టూ నడిచి, "పిల్లల చదువు బల్ల ఆ కిటికీ కింద పడుతుంది" అని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. అమ్మ ఆ మాట విని నా చెయ్యి పట్టుకుంది. ఇల్లు దాటే బాధ తనకు ఉంది, కానీ ఇరుకు ఇల్లు అనిపించుకుని అమ్ముకోలేదన్న తృప్తి కూడా ఉంది. ఆ తృప్తి మీరిచ్చిందే.

పిన్నీ, మేడ మీద సామాను రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే తీసుకెళ్తాం. దివాన్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోమని అమ్మ చెప్పమంది.