అమ్మ నడక కోసం ఒక ఊరు

బాగ్‌లింగంపల్లి, హైదరాబాదు
డిసెంబరు 21

ఒరేయ్ రాఘవా,

ఈ రోజు మనకు ఏడాదిలోకెల్లా చిన్న పగలు. అయినా ఇక్కడ 11 గంటల వెలుతురు ఉంటుంది. మీ విన్నిపెగ్‌లో ఈ రోజు పగలు ఎనిమిది గంటలు దాటి నాలుగైదు నిమిషాలు. నేను ఇది రాస్తున్న వేళకు బయట కొబ్బరాకుల మీద ఎండ పడుతోంది, కింద కూరగాయల బండివాడు మెంతికూర అని అరుస్తున్నాడు. మీ ఊళ్ళో ఇప్పుడు నడిరాత్రి.

మేము ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకున్నామా అని నువ్వు ఫోనులో రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ మాట దాటవేశాను. నీకు సూటిగా చెప్పడానికి నోరు రాలేదు. తేల్చుకున్నాం. విన్నిపెగ్ కాదు. అసలు కెనడాయే కాదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు దరఖాస్తు పెడుతున్నాం. మీ వీధిలోనే ఇల్లు చూసిపెడతానని నువ్వు అన్న మాట నాకు ఎంత విలువైనదో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ క్రితం హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్ళం మళ్ళీ పక్కపక్కన ఉంటామన్న ఆశ నాకూ బలంగానే ఉండేది. అందుకే ఇది ఫోనులో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకునే విషయం కాదనిపించింది.

మొదట కన్సల్టెన్సీ సంగతి. అమీర్‌పేటలో ఒక కార్యాలయానికి వెళ్ళాం. అతను వీసాకు మా పాయింట్లు లెక్కవేశాడు, ఫీజు చెప్పాడు, చేతిలో ఒక కరపత్రం పెట్టాడు. అందులో ఉన్న ప్రతి ఫొటోలోనూ పచ్చగడ్డి, నీలాకాశం, పొట్టిచేతుల చొక్కాలు. చలికాలం ఎలా ఉంటుందని వసుధ అడిగితే, ‘అన్ని చోట్లా ఒకటే మేడమ్, హీటర్లు ఉంటాయి’ అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఒక కుటుంబం బతుకంతా మూటగట్టుకుని వెళ్ళబోయే ఊళ్ళో ఐదు నెలలు ఎలా ఉంటాయో అతని దృష్టిలో అడగదగ్గ ప్రశ్నే కాదు.

సరే, అసలు విషయానికి వస్తాను. ఆ జనవరిలో మీ ఇంట్లో నేను పదకొండు రోజులు ఉన్నాను కదా. విమానాశ్రయం తలుపు తెరుచుకోగానే ముక్కులోపలి వెంట్రుకలు గడ్డకట్టడం, తలుపు పిడి ముట్టుకుంటే చుర్రుమనడం, ఇంజను చల్లబడిపోకుండా కారును రాత్రంతా కరెంటు తీగకు కట్టెయ్యడం, అన్నీ వింతగానే ఉన్నాయి. ఇంజినీరును కాబట్టి నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మీ నేల. మంచినీటి గొట్టాలను గడ్డకట్టకుండా రెండు మీటర్లకు పైగా లోతున వేస్తారని నువ్వు చెప్పినప్పుడు నమ్మలేకపోయాను. మన దగ్గర అంత లోతున తవ్వితే సగం చోట్ల బండరాయి తగులుతుంది. ఒకరోజు పొద్దున మైనస్ 27. గాలితో కలిపి లెక్కవేస్తే మైనస్ 38 అని రేడియోలో చెప్పారు. ఆ చలిలో చర్మం బయట ఉంటే పది నిమిషాల నుంచి అరగంట లోపు కొరికేస్తుందని నువ్వు నా చెవులు కప్పావు. నది మీద గడ్డకట్టిన మంచులో పిల్లలు స్కేటింగ్ చేస్తుంటే చూసి, మనుషులు దేనికైనా అలవాటు పడతారని నిజంగా ముచ్చటపడ్డాను.

నీకు చెప్పనిది ఒకటి ఉంది. నువ్వూ సునీతా ఆఫీసులకు వెళ్ళాక, పిల్లలు బడికి వెళ్ళాక, ఆ ఇంట్లో మీ అమ్మ, అదే మన పిన్ని, నేనూ మిగిలేవాళ్ళం. హాల్లో దక్షిణపు కిటికీ దగ్గర పిన్ని కుర్చీ. పక్కనే కుండీలో కరివేపాకు మొక్క. మీ ఊరి జనవరి సూర్యుడు నడిమధ్యాహ్నం కూడా ఇరవై డిగ్రీల ఎత్తు చుట్టూనే ఉంటాడు. అందుకే ఎండ హాలు మధ్య దాకా పడుతుంది, మెల్లగా జరుగుతుంది. పిన్ని ఆ ఎండతో పాటు కుండీని జరిపేది. తరవాత తన కుర్చీని జరుపుకునేది. మూడున్నరకల్లా ఆ వెలుతురు గోడ ఎక్కి ఆరిపోయేది. రోజూ ఒకసారి నన్ను అడిగేది, ‘గాలి తగ్గిందా బాబూ, ఒకసారి చివరి దాకా వెళ్ళొద్దామా’ అని. పదకొండు రోజుల్లో రెండుసార్లు వెళ్ళాం. రెండోసారి గడ్డకట్టిన నీటి పొర మీద పిన్ని కాలు జారబోతే పట్టుకున్నాను. ఆ తరవాత అడగలేదు.

నువ్వు పిన్నిని ఎంత బాగా చూసుకుంటావో నాకు తెలుసు. ఇది నీ తప్పు అని ఏ మూలా అనడం లేదు. కానీ ఆ రోజుల్లో నాకు ఒక సంగతి అర్థమైంది. చలికాలం ఉద్యోగానికి వెళ్ళేవాడిది కాదురా. అతను ఇంటి వేడిలోంచి కారు వేడిలోకి, అక్కడినుంచి ఆఫీసు వేడిలోకి వెళ్తాడు. చలికాలమంతా ఇంట్లో ఉండేవాళ్ళ నెత్తిన పడుతుంది. మా కుటుంబంలో అలా ఇంట్లో ఉండేవాళ్ళు ఎవరు? అమ్మ. మొదటి ఏడాది ఉద్యోగం దొరికేదాకా వసుధ.

అమ్మ సంగతి నీకు తెలుసు. 67 ఏళ్ళు, ఉబ్బసం. అయినా పొద్దున్నే సుందరయ్య పార్కులో ఆరు చుట్లు తిరగనిదే కాఫీ తాగదు. నాన్న పోయాక ఆవిడను నిలబెట్టింది ఆ నడక, ఆ పార్కులో దొరికిన నలుగురు స్నేహితురాళ్ళు. చల్లటి పొడిగాలి ఒక్కసారిగా పీలిస్తే ఊపిరితిత్తుల్లో గొట్టాలు బిగుసుకుంటాయని డాక్టరు స్పష్టంగా చెప్పారు. ఇక్కడ డిసెంబరులో పన్నెండు డిగ్రీలకే ఆవిడ శాలువా ముక్కు మీదికి లాక్కుంటుంది.

అందుకని ఒక పని చేశాను. ఫోనులో ఆరు ఊళ్ళ వాతావరణం పెట్టుకున్నాను. గోడ క్యాలెండరులో రోజూ ఒక ప్రశ్నకు జవాబు రాశాను: ఈ రోజు పొద్దున ఏడింటికి, ఆ ఊళ్ళో అయితే, అమ్మ నడకకు వెళ్ళేదా? వెళ్ళేదైతే టిక్కు, లేకపోతే ఖాళీ. ఏడాది పొడుగునా రాశాను. ఉష్ణోగ్రతల సగటులు చూస్తూ కూర్చున్నప్పుడు తెలియనివి ఆ టిక్కులు చెప్పాయి.

మీ విన్నిపెగ్ గడిలో నవంబరు నడిమి నుంచి మార్చి చివరి దాకా దాదాపు అంతా ఖాళీ. కాల్గరీ నన్ను తికమక పెట్టింది. నాలుగైదు రోజులు ఖాళీ, హఠాత్తుగా మూడు టిక్కులు, మళ్ళీ ఖాళీ. రాకీ పర్వతాల మీదినుంచి దిగే షినూక్ గాలి పని అది. కొండ దిగేకొద్దీ గాలి వేడెక్కి, ఒక్కపూటలో ఇరవై డిగ్రీలు పెరిగిన సందర్భాలు ఉన్నాయి. ఇంజినీరుగా దాని మీద నాకు మోజు పుట్టింది కానీ, ఏడింటికి అక్కడ ఇంకా చీకటే.

వాంకూవర్ మీద చాలా ఆశ పెట్టుకున్నాను. జనవరిలో కూడా సున్నాకు పైనే, సగటున నాలుగు డిగ్రీలు. సముద్రం పక్కనే, మంచు తక్కువ. చలి ఒక్కటే లెక్కయితే కెనడా పెద్ద నగరాల్లో దానికి సాటి లేదు. కానీ అక్కడి వాన మన వానలా కాదు. మనకు ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో ముప్పావు వంతు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, కురిసినప్పుడు కుండపోత. వాళ్ళకు అంతకంటే బాగా ఎక్కువ, అదీ అక్టోబరులో మొదలై మార్చి దాకా, బూడిదరంగు మబ్బు కింద సన్నటి జల్లు. వసుధ ఇక్కడే ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టిందంటే మనిషి మారిపోతుంది. పడుకుని లేవదు, తిండి సయించదు, చిన్నితో మాట్లాడదు. ఎండ రాగానే మామూలవుతుంది. పెళ్ళైన కొత్తలో అలిగిందనుకునేవాణ్ణి. వెలుతురు తగ్గితే వచ్చే ఈ దిగులుకు వైద్యంలో పేరే ఉందని, 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్ బృందం దాన్ని మొదటిసారి వివరంగా రాసిందని తరవాత చదివాను. మీ వంటింటి బల్ల మీద సునీత పొద్దున్నే అరగంట ఎదురుగా కూర్చునే ఆ తెల్లటి దీపం, పదివేల లక్సుల వెలుతురుది, అందుకేనట కదా. అప్పుడు నేను దాన్ని పిల్లల చదువు దీపం అనుకున్నాను. మీరిద్దరూ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. అడగాల్సింది నేను.

మెల్‌బోర్న్ దాదాపు ఖాయం చేసుకున్నాం. మనవాళ్ళు ఎక్కువ, గుడి ఉంది, చలికాలంలో పగలు పద్నాలుగు డిగ్రీలు. కానీ 2016 నవంబరు 21న అక్కడ జరిగింది డాక్టరే చెప్పారు. సాయంత్రం ఉరుముల గాలివాన వచ్చింది. రై గడ్డి పుప్పొడి తేమకు పగిలి, ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్ళేంత సన్నటి పొడిగా మారి ఊరంతా పరుచుకుంది. వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు పరుగెత్తారు. పదిమంది చనిపోయారు. అలాంటిది మళ్ళీ రావాలని లేదు, ఇప్పుడు హెచ్చరికలు కూడా ఇస్తున్నారు. అయినా అమ్మ పఫ్ చేతిలో పట్టుకుని నిలబడ్డ దృశ్యం నా కళ్ళముందు నుంచి పోలేదు. అడిలైడ్‌లో మాత్రం పుప్పొడి ఉండదా? ఉంటుంది. వసంతంలో అక్కడా జాగ్రత్తగానే ఉండాలి.

దుబాయి, సింగపూరు గురించి పెద్దగా ఆలోచించలేదు. చలి లేకపోవడం ఒక్కటే చాలదు కదా. దుబాయిలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మిట్టమధ్యాహ్నం ఆరుబయట కూలి పనే నిషేధం. అక్కడ ఇంట్లో బందీ చేసేది ఎండ.

అడిలైడ్ గడిలో మాత్రం టిక్కులు వరసగా పడ్డాయి. జూన్, జూలైలలో పగలు పదిహేను, పదహారు డిగ్రీలు, రాత్రి ఏడెనిమిది. అక్కడి అతి చిన్న పగలు కూడా పది గంటలకు కొద్ది నిమిషాలే తక్కువ. అంటే మనకంటే గంటా పావు తేడా, అంతే. ఎండాకాలం మాత్రం కఠినం. 2019 జనవరి 24న 46.6 డిగ్రీలు నమోదైంది. మే నెల హైదరాబాదు చూసినవాళ్ళం, ఎండను ఎలా దాటాలో తెలుసు: పొద్దున్నే పని ముగించుకోవడం, కర్టెన్లు వేసుకోవడం, మజ్జిగ. అక్కడి ఇళ్ళు చలికి మీ ఇళ్ళలా కట్టినవి కావట. పలచటి గోడలు, కిటికీ సందులు, జూలైలో ఇంట్లో బయటికంటే ఎక్కువ వణుకు అని వెళ్ళినవాళ్ళందరూ చెబుతున్నారు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు గదులు లెక్కపెట్టే ముందు పైకప్పులో చలిని ఆపే పొర ఉందో లేదో చూస్తాను.

అన్నిటికంటే సంతోషమైంది ఏమిటంటే, వాళ్ళ కాలాలు మనకు తలకిందులు. మనకు ఏప్రిల్, మే నెలల్లో రోళ్ళు పగిలే ఎండలు కాస్తుంటే అక్కడ ఆకులు రాలే కాలం, ఇరవై డిగ్రీల చుట్టూ హాయిగా ఉంటుంది. అమ్మ ఆ కాలంలో మూడు నెలలు అక్కడ ఉండి, ధనుర్మాసానికి ఇక్కడ ఉండవచ్చు. తన పార్కు, తన స్నేహితురాళ్ళు, తన సంక్రాంతి ముగ్గులు పోవు. నిజమే, తల్లిదండ్రుల విషయంలో మీ దేశమే ఉదారం. సూపర్ వీసా మీద ఒకసారి వస్తే ఐదేళ్ళు ఉండనిస్తారు. ఆస్ట్రేలియాలో తల్లిదండ్రుల శాశ్వత వీసా కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. వెళ్ళిన కొత్తలో సందర్శకుల వీసా మీద నెలల లెక్కన రప్పించుకోవాల్సిందే. ఆ లోటు తెలిసే ఒప్పుకున్నాం. ఐదేళ్ళు కిటికీ దగ్గర కూర్చోవడం కన్నా మూడు నెలలు తోటలో తిరగడం మేలని వసుధ అన్నప్పుడు నాకు పిన్నే గుర్తొచ్చింది.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. నాకు 38. నలభై నిండితే వయసుకు ఇచ్చే 25 పాయింట్లు 15 అవుతాయి. అందుకే ఈ తొందర. ఇంజినీరింగ్ అర్హతల మదింపుకు పంపాను, ఇంగ్లీషు పరీక్ష ఫిబ్రవరిలో. అమ్మ ఏ దేశమని కూడా అడగకుండా చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చింది. వీసా వస్తే 108 చేస్తానని మొక్కుకుందట. ఆవిడ ఆయాసం తలుచుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ 108లో సగం నేను పక్కన నడుస్తానని చెప్పాను. చిన్ని మాత్రం మంచు పడదంటే ముఖం చిన్నబుచ్చుకుంది. ఊరి పక్కనే మౌంట్ లాఫ్టీ మీద ఎప్పుడైనా కొద్దిగా పడుతుందని చెబితే కాస్త ఊరుకుంది.

రాఘవా, ఇంకొక్క మాట. సంక్రాంతికి ఇంకా మూడు వారాలు పైనే ఉంది. మీ దగ్గర చలి ముదిరేది జనవరిలోనే. పిన్నిని ఇక్కడికి పంపకూడదూ? రెండు నెలలు ఉంచుకుంటాం. తూర్పు గది ఖాళీగానే ఉంది, పొద్దున ఏడు దాటగానే మంచం మీదికే ఎండ వస్తుంది. అమ్మను అడిగాను. పార్కులో తన జట్టులో ఒకావిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందట, తోడు కావాలంటోంది. శంషాబాదుకు నేనే వచ్చి తీసుకొస్తాను. కరివేపాకు కుండీని పొద్దునా సాయంత్రం ఎండ ఉన్న చోటికి జరపమని సునీతకు చెప్పు. టిక్కెట్టు తేదీ రాయి.

నీ
సుధాకర్